బ్రాడ్‌వే వైతాళికుడు జార్జ్ ఎం. కోహన్

అమెరికా నాటక సాహిత్యమనగానే మన విద్యార్థులకు యూజీన్ ఓనీల్ పేరు స్ఫురిస్తుంది. అది సహజమే. గంభీర నాటకానికి ఆ దేశంలో పునాది వేసినవాడు ఆయనే. కాని ఓనీల్ నాటకాలు రంగమెక్కడానికి పదేళ్ళకు పైగా ముందే, న్యూయార్క్ నగరంలోని బ్రాడ్‌వే అనే రాజమార్గం చుట్టూ వెలసిన నాటకశాలల్లో ఒక పొట్టి మనిషి రాత్రి రాత్రికీ వందలాది సామాన్య ప్రేక్షకులను ఉర్రూతలూగించాడు. నాటకం తానే రాసేవాడు. అందులోని పాటలు తానే కట్టేవాడు. వాటికి బాణీలు తానే సమకూర్చేవాడు. నటులకు తానే శిక్షణ ఇచ్చేవాడు. తెర లేచిన తర్వాత ప్రధాన పాత్రలో తానే ఆడి పాడేవాడు. కొంతకాలానికి నాటకశాల యాజమాన్యం కూడా ఆయనదే అయింది. ఆయన పేరు జార్జ్ మైకేల్ కోహన్. పాఠ్యగ్రంథాలలో ఆయనకు దక్కిన స్థానం స్వల్పం. అందువల్లనే ఆయన జీవితాన్ని ఈ సంచికలో పరిచయం చేయదలచినాము.

కోహన్ 1878 జూలై 3వ తేదీన అమెరికా ఈశాన్య తీరాన రోడ్ ఐలండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్ పట్టణంలో జన్మించాడు. చర్చి రికార్డు చెప్పే తేదీ ఇది. కాని ఆయన కుటుంబం మాత్రం జీవితాంతం ఆయన పుట్టినరోజును జూలై 4గానే జరుపుకున్నది. జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినోత్సవమన్నది పాఠకులకు తెలిసిన విషయమే. ఒక్కరోజు తేడాను చిన్న ముచ్చటగా భావించి చరిత్రకారులు నవ్వి ఊరుకుంటారు. మాకు మాత్రం ఇందులో నవ్వి ఊరుకోవలసినదానికన్న ఎక్కువే ఉన్నదనిపిస్తుంది. కోహన్ పూర్వులు ఐర్లండు నుండి వలస వచ్చిన కాథలిక్కులు. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలోని పాత కాపులైన ప్రొటెస్టెంటు వర్గాలు ఐరిష్ వారిని ఎంత చులకనగా చూసేవో ఆనాటి పత్రికల వ్యంగ్య చిత్రాలే సాక్ష్యం. త్రాగుబోతులనీ, కలహప్రియులనీ, వీరి విధేయత దేశానికి కాదు, రోముకేననీ ముద్ర వేసేవారు. అటువంటి ఇంట పుట్టిన బిడ్డకు దేశం పుట్టినరోజే పుట్టినరోజు కావాలని తల్లిదండ్రులు కోరుకున్నారంటే ఆ కోరిక వెనుక ఎంత ఆర్తి ఉన్నదో ఊహించుకోవచ్చు.

తండ్రి జెరీ కోహన్, తల్లి నెల్లీ ఇద్దరూ రంగస్థల కళాకారులే. అక్క జోసెఫిన్ జార్జ్ కన్న రెండేళ్ళు పెద్ద. ఈ నలుగురూ కలిసి నలుగురు కోహన్‌లు అన్న పేరుతో ఊరూరా ప్రదర్శనలిచ్చేవారు. వాటిని ఆ దేశంలో వాడెవిల్ ప్రదర్శనలనేవారు. ఒకే సాయంత్రం ఒక పాటగాడు, ఒక గారడీవాడు, ఒక నర్తకి, ఒక చిన్న హాస్య నాటిక, ఒక జంతువుల ఆట, ఇలా వరుసగా సాగే వినోద కార్యక్రమమది. కుటుంబమంతా నాటకమే జీవికగా ఊళ్ళు తిరగడం సురభి సమాజాలను ఎరిగిన మన పాఠకులకు వింత కాదు. జార్జ్ చంటిబిడ్డగా ఉండగానే రంగం మీద కనిపించాడు. ఎనిమిదేళ్ళు నిండేసరికి వాద్యబృందంలో ఫిడేలు వాయిస్తున్నాడు. బడి చదువు నామమాత్రమే. రైలు పెట్టెలు, అద్దె గదులు, నాటకశాలల వెనుక భాగాలు, ఇవే ఆయన విద్యాలయాలు. వేసవిలో మాత్రం మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్ బ్రూక్‌ఫీల్డ్ అనే పల్లెలో అమ్మమ్మ ఇంటికి చేరి, ఊరి పిల్లలతో బేస్‌బాల్ ఆడుకునేవాడు. స్థిరమైన ఇల్లంటూ ఎరుగని బాలుడికి ఆ కొద్ది వారాలు ఎంత మధురమైనవో తర్వాతి కాలంలో ఆ పల్లెనే నేపథ్యంగా చేసుకొని ఆయన రాసిన నాటకం చెబుతుంది.

పన్నెండేళ్ళ ప్రాయంలో ఒక అల్లరి పిల్లవాడి కథలో ప్రధాన పాత్ర ధరించే అవకాశం వచ్చింది. ఆ పాత్ర ఊరిలోని పిల్లలందరినీ ఏడిపించే పోకిరి పాత్ర. నాటకం ఆడిన ప్రతి ఊరిలోనూ అసలు పోకిరి పిల్లలు నాటకశాల వెనుక ద్వారం దగ్గర కాచుకొని, ఈ నాటకపు పోకిరి పని పట్టడానికి సిద్ధంగా ఉండేవారట. ఆ దెబ్బలాటల వల్లనో, పుట్టుకతోనో, జార్జ్ స్వభావంలో ఒక దుడుకుతనం స్థిరపడిపోయింది. తమ అంశాన్ని కార్యక్రమంలో ఏ వరుసలో పెట్టారన్న దానిపై మేనేజర్లతో పోట్లాడేవాడు. తండ్రి శాంతమూర్తి, కొడుకు చెడగొట్టిన సంబంధాలను ఆయన చక్కబెడుతూ ఉండేవాడు.

పదిహేను పదహారేళ్ళ నాటికే జార్జ్ పాటలు రాయసాగాడు. తొలి పాటను ప్రచురించిన సంస్థ అందులోని మాటలను మార్చి అచ్చువేసింది. యువకుడికి అది సహించరాని అవమానమైంది. తన రచనను మరొకరి చేతికి అప్పగించకూడదన్న పట్టుదల ఆయనలో మొదలైనది ఆనాడే కావచ్చు. పియానో మీద ఆయనకు నాలుగైదు స్వర సమ్మేళనాలు మించి వచ్చేవి కావని తోటివారు చెప్పుకునేవారు. అయినా ఆ కొద్దిపాటి సామగ్రితోనే మూడు వందలకు పైగా పాటలు కట్టాడు.

కుటుంబానికి కావలసిన హాస్య నాటికలన్నీ క్రమంగా జార్జే రాయడం ప్రారంభించాడు. 1900 నాటికి వాడెవిల్ రంగంలో అత్యధిక పారితోషికం పొందే బృందాలలో నలుగురు కోహన్‌లు ఒకటి. ప్రదర్శన ముగిసిన తర్వాత జార్జ్ ముందుకు వచ్చి, తల్లి తరఫున, తండ్రి తరఫున, అక్క తరఫున, చివరకు తన తరఫున వేరువేరుగా ప్రేక్షకులకు కృతజ్ఞతలు తెలిపేవాడు. అమెరికా అంతటా ప్రసిద్ధికెక్కిన వందన సమర్పణ అది. ఇంటిల్లిపాదీ ఒక్కటిగా నిలబడి ఒక్కరి నోట మాట్లాడడమన్నది ఆయన మనసులో ఎంత లోతుగా పాతుకున్నదో మున్ముందు చూడబోతున్నాము.

బ్రాడ్‌వే మీద పూర్తి నిడివి నాటకం ఆడించాలన్నది జార్జ్ ఆశయం. 1901లో 'ది గవర్నర్స్ సన్', 1903లో 'రన్నింగ్ ఫర్ ఆఫీస్' వెలువడ్డాయి. రెండూ వాడెవిల్ నాటికలను సాగదీసి చేసినవే. రెండూ న్యూయార్క్‌లో ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ దశలోనే శామ్ హారిస్ అనే వ్యక్తితో పరిచయమైంది. హారిస్ అంతకు మునుపు ముష్టియుద్ధ వీరుడొకరికి మేనేజరుగా ఉన్నవాడు. కోహన్ ఎంత దుడుకో హారిస్ అంత నిదానం. 1904లో ఇద్దరూ భాగస్వాములయ్యారు. ఆ భాగస్వామ్యంలో వచ్చిన మొదటి నాటకమే 'లిటిల్ జానీ జోన్స్'.

ఈ నాటకం దగ్గర మనం కొంచెం ఆగవలసి ఉంటుంది. ఆనాడు బ్రాడ్‌వే సంగీత నాటకమంటే చాలావరకు యూరప్ నుండి దిగుమతి అయిన సరుకు. వియన్నా బాణీలు, లండన్ హాస్యం, ఎక్కడో ఊహా రాజ్యాల రాకుమారులు, మారువేషాల దొరసానులు, తీరికగా సాగే సంభాషణలు. కోహన్ వీటినన్నిటినీ పక్కకు నెట్టాడు. ఆయన కథానాయకుడు ఒక గుర్రపు పందేల జాకీ. టాడ్ స్లోన్ అనే నిజమైన అమెరికన్ జాకీ ఇంగ్లండులో ఎదుర్కొన్న అపవాదు ఈ కథకు ప్రేరణ. జానీ జోన్స్ ఇంగ్లండు వెళ్ళి అక్కడి డెర్బీ పందెంలో స్వారీ చేస్తాడు. కావాలని ఓడిపొమ్మని ఒక జూదరి లంచం ఇవ్వబోతాడు. జానీ నిరాకరిస్తాడు. అయినా దురదృష్టవశాత్తు పందెం ఓడిపోతాడు. కసిపట్టిన జూదరి, జానీ అమ్ముడుపోయాడన్న పుకారు పుట్టిస్తాడు. ఈ జూదరి పాత్రను ధరించినది ఎవరో కాదు, స్వయంగా తండ్రి జెరీ కోహన్. తల్లి నెల్లీ, జార్జ్ భార్య ఎథెల్ లీవీ కూడా అందులో నటించారు.

నాటకంలోని రెండవ అంకం అమెరికా రంగస్థల చరిత్రలో నిలిచిపోయింది. సౌతాంప్టన్ రేవు. స్నేహితులందరూ ఓడ ఎక్కి స్వదేశానికి బయలుదేరుతున్నారు. మచ్చ తొలగనిదే తాను ఇంటి మొగం చూడలేనని జానీ రేవులోనే ఆగిపోతాడు. ఓడలో ప్రయాణం చేస్తున్న గూఢచారి ఒకడు, జానీ నిర్దోషి అన్న ఆధారం దొరికితే ఓడ మీది నుండి తారాజువ్వ వెలిగిస్తానని మాట ఇచ్చి ఉంటాడు. జానీ బ్రాడ్‌వేకు తన నమస్కారాలు అందజేయమని వెళ్ళిపోయేవారిని కోరుతూ పాడతాడు. 'గివ్ మై రిగార్డ్స్ టు బ్రాడ్‌వే' అన్న సుప్రసిద్ధ గీతం అదే. దీపాలు మసకబారుతాయి. వెనుక తెర మీద చిన్న ఓడ బొమ్మ చీకటి సముద్రంలో నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. రేవులో జానీ ఒక్కడే. క్షణాలు గడుస్తాయి. ఉన్నట్టుండి ఓడ మీది నుండి తారాజువ్వ ఆకాశానికి ఎగుస్తుంది. అంతవరకు విషాదంగా సాగిన ఆ బాణీనే వేగం పుంజుకుంటుంది. జానీ రేవంతా తనదే అన్నట్టు నర్తిస్తాడు.

ఇందులో కొత్తదనం ఏమిటి? పాట కథను ఆపి పాడినది కాదు, కథలోని ఘట్టాన్నే మోసుకొని పోతున్నది. మాటలు వీథిలో మనుషులు మాట్లాడుకునే మాటలు. కథానాయకుడు రాకుమారుడు కాడు, కూలి పుచ్చుకొని గుర్రమెక్కే పొట్టివాడు. అతనికి కావలసినది సింహాసనమూ కాదు, ధనమూ కాదు. తన వాళ్ళ మధ్యకు తలెత్తుకొని పోగలగడం. వలస కుటుంబాలతో నిండిన ఆనాటి న్యూయార్క్ ప్రేక్షకులకు ఈ ఆవేదన తమదిగా తోచకుండా ఎలా ఉంటుంది? 'ది యాంకీ డూడుల్ బాయ్' అన్న పాట కూడా ఈ నాటకంలోనిదే. అందులో నాయకుడు తాను జూలై 4న పుట్టినవాడనని సగర్వంగా చెప్పుకుంటాడు. అది నాయకుడి మాటా, రచయిత మాటా అని విడదీయలేము.

నాటకానికి లోపాలు లేవనము. మూడవ అంకం శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని చైనీయుల పేటకు మారుతుంది. అక్కడి చైనీయుల చిత్రణ నాటి అలవాటు ప్రకారం మోటుగానూ, అపహాస్యంగానూ ఉన్నది. తమ జాతిని ఎగతాళి చేశారని బాధపడిన వర్గం నుండి వచ్చిన రచయిత మరొక జాతి విషయంలో అంత జాగ్రత్త వహించకపోవడం విచారకరం.

1904 నవంబరు 7న న్యూయార్క్‌లోని లిబర్టీ థియేటరులో ప్రారంభమైన 'లిటిల్ జానీ జోన్స్' మొదటి విడతలో 52 ప్రదర్శనలు మాత్రమే ఆడింది. విమర్శకులు పెదవి విరిచారు. కోహన్ నిరుత్సాహపడక నాటకాన్ని ఇతర నగరాలకు తీసుకొని పోయాడు. దారి పొడుగునా దృశ్యాలను బిగించాడు, తిరగరాశాడు. 1905లో మళ్ళీ న్యూయార్క్‌కు తెచ్చేసరికి ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు. వాడెవిల్ నేర్పిన పాఠం ఇదే. అక్కడ ఒక మాట నవ్వు పుట్టించకపోతే మర్నాటికి దాన్ని మార్చవలసిందే.

తర్వాతి పది పన్నెండేళ్ళు కోహన్‌వే. 1906 జనవరి 1న 'ఫార్టీ ఫైవ్ మినిట్స్ ఫ్రమ్ బ్రాడ్‌వే' ప్రారంభమైంది. న్యూయార్క్‌కు ముప్పావు గంట ప్రయాణ దూరంలో ఉన్న న్యూ రోషెల్ అనే ఊరు దీనికి రంగం. చనిపోయిన ధనికుడి ఆస్తి అంతా ఇంటి పనిపిల్ల మేరీకి చెందుతుందన్న వీలునామా ఆమెను ప్రేమించిన బర్న్స్ చేతికి చిక్కుతుంది. డబ్బు కోసం పెళ్ళాడాడన్న మాట పడలేనని అతను దూరమవుతాడు. ఆమె ఆ వీలునామాను చించివేస్తుంది. తమ ఊరివారిని పల్లెటూరి బైతులుగా చూపించారని న్యూ రోషెల్ పెద్దలు మొదట మండిపడ్డారు. ఊరికి వచ్చిన ప్రచారం చూసిన తర్వాత చల్లబడ్డారట.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో 'జార్జ్ వాషింగ్టన్ జూనియర్' వచ్చింది. అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర పోరాడిన ఒక వృద్ధ సైనికుడు చిరిగిన జెండాను ఒడిలో పెట్టుకొని, దాన్ని ప్రేమగా పాత గుడ్డపేలిక అని సంబోధించగా విని, కోహన్ జాతీయ పతాకం మీద ఒక పాట కట్టాడు. మొదట పాటలో ఆ గుడ్డపేలిక అన్న మాటే ఉన్నది. పతాకాన్ని అవమానించాడని కొందరు గగ్గోలు పెట్టారు. ఆయన ఆ మాట తీసివేసి జెండా అన్న మాటే పెట్టాడు. 'యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్' అన్న ఆ పాట స్వరపత్రాలు పది లక్షలకు మించి అమ్ముడుపోయాయని చెబుతారు. పండితులు మెచ్చకపోయినా వృద్ధుడి మాటలోని ఆప్యాయత మొదటి పాఠంలోనే ఎక్కువగా ఉన్నదని మా అభిప్రాయం.

ఇంతకూ విమర్శకుల ప్రధాన ఆరోపణ ఏమిటంటే, కోహన్ కథలో పట్టు సడలినప్పుడల్లా జెండా ఊపుతాడని. ఆరోపణలో నిజం లేకపోలేదు. చప్పట్లు ఎక్కడ పడతాయో ఆయనకు బాగా తెలుసు. కాని జెండా ఊపడం ఆయనకు కేవలం వ్యాపారమైతే ఆ పాటలు నూరేళ్ళు బతికి ఉండేవి కావు. ఈ దేశం మాదే అని పదే పదే చెప్పుకోవలసిన అవసరం పాత కాపులకు ఉండదు. ఆ అవసరం నిన్న గాక మొన్న వచ్చినవాడి మనుమడికే ఉంటుంది.

1907లో ఎథెల్ లీవీతో వివాహబంధం విడాకులతో ముగిసింది. ఆ తర్వాత ఆయన ఏగ్నెస్ నోలన్‌ను వివాహమాడాడు. అక్క జోసెఫిన్ 1901లోనే ఫ్రెడ్ నిబ్లో అనే నటుణ్ణి పెళ్ళాడి వేరు దారి పట్టింది. ఈ నిబ్లోనే తర్వాత మూకీ చిత్రాల దర్శకుడై 1925లో 'బెన్ హర్' తీశాడు. కోహన్, హారిస్‌లు దశాబ్దంన్నర పాటు వరుసగా నాటకాలు నిర్మించారు. 1911లో బ్రాడ్‌వే మీద కోహన్ పేరిటనే ఒక నాటకశాల వెలసింది. పాటలు లేని నాటకాలలోనూ ఆయనకు నేర్పు తక్కువ కాదు. 1913లో రాసిన 'సెవెన్ కీస్ టు బాల్డ్‌పేట్' రహస్యమూ, హాస్యమూ కలబోసిన రచన. దానిని ఆయన నాటకాలలో కెల్లా పటిష్ఠమైనదిగా పలువురు భావిస్తారు.

1917 ఏప్రిల్ 6న అమెరికా జర్మనీపై యుద్ధం ప్రకటించింది. వార్త చదివిన వెంటనే కోహన్ ఒక పాట కట్టాడు. సైన్యంలోని బాకా పిలుపు నుండి పుట్టిన బాణీ అది. ఇంటిలో పిల్లల ముందు నెత్తిమీద రేకు గిన్నె బోర్లించుకొని, చీపురుకట్టను తుపాకిలా భుజాన పెట్టుకొని ఆ పాట పాడి వినిపించాడని కుటుంబంలో చెప్పుకునే ముచ్చట. అదే 'ఓవర్ దేర్'. నోరా బేయస్ అనే గాయని పాడగా దేశమంతా మారుమోగింది. మహా గాయకుడు ఎన్రికో కరూసో కూడా దానిని గ్రామఫోను రికార్డుగా పాడాడు. సముద్రం దాటి యుద్ధభూమికి పోయే సైనికులకు అది ప్రయాణ గీతమైంది.

దేశం ఆయన్ను నెత్తిన పెట్టుకున్న ఆ రోజుల్లోనే ఇల్లు ఖాళీ కాసాగింది. 1916లో అక్క జోసెఫిన్ మరణించింది. 1917లో తండ్రి కన్నుమూశాడు. నలుగురు కోహన్‌లలో తల్లీ కొడుకులిద్దరే మిగిలారు. ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చిన విపత్తును అర్థం చేసుకోవడానికి ఈ విషయం గుర్తుంచుకోవడం అవసరం.

అమెరికా నటుల స్థితిగతులు ఆనాడు దయనీయంగా ఉండేవి. రిహార్సళ్ళు ఎన్ని వారాలు సాగినా వాటికి జీతం లేదు. దుస్తులు, పాదరక్షలు చాలామంది సొంత డబ్బుతో కొనుక్కోవలసి వచ్చేది. నాటకం బాగా ఆడకపోతే నోటీసు లేకుండా తొలగించేవారు. దూర ప్రాంతాల్లో కంపెనీ దివాలా తీస్తే నటులు రైలు ఛార్జీకి డబ్బులేక అక్కడే చిక్కుబడేవారు. పండుగ వారాల్లో ప్రేక్షకులు తగ్గుతారని సగం జీతమే ఇచ్చే ఆచారం కూడా ఉండేది. ఈ అన్యాయాలను ఎదుర్కోవడానికి 1913లో యాక్టర్స్ ఈక్విటీ అనే నటుల సంఘం ఏర్పడింది. ఆరేళ్ళ సంప్రదింపులు ఫలించలేదు. 1919 ఆగస్టు 7వ తేదీ సాయంత్రం, తెర లేచే సమయానికి, నటులు నాటకశాలల్లోకి అడుగుపెట్టలేదు. ఆ రాత్రి ఒక్క న్యూయార్క్‌లోనే పన్నెండు నాటకాలు ఆగిపోయాయి.

కోహన్ ఏ పక్షాన నిలిచాడు? పసితనం నుండి రైలు పెట్టెల్లో నిద్రించినవాడు, మేనేజర్లతో పోట్లాడినవాడు, నటుడి కష్టం తెలిసినవాడు ఎక్కడ ఉంటాడని మనం అనుకుంటాము? ఆయన యజమానుల పక్షాన నిలిచాడు. అలా నిలిచి ఊరుకోలేదు, వారి తరఫున ముందుండి పోరాడాడు. నటుల సంఘానికి పోటీగా నాటక యజమానులకు అనుకూలురైన నటులతో ఫిడెలిటీ లీగ్ అనే మరొక సంఘం పుట్టగా దానికి అండగా నిలిచాడు. సమ్మె చేసేవారు ఆ సంఘీయులను కుక్కపిల్లలకు పెట్టే ఫైడో అన్న ముద్దుపేరుతో ఎగతాళి చేసేవారు. ఈక్విటీ గెలిస్తే తాను నాటకరంగమే వదిలి ఏదో ఒక భవనంలో లిఫ్టు నడుపుకుని బతుకుతానని కోహన్ ప్రకటించినట్లు లోకంలో వాడుక. ఫ్రయర్స్ క్లబ్బు అనే రంగస్థల కళాకారుల సంఘానికి ఆయన పెద్దగా ఉండేవాడు. దాని నుండీ, లాంబ్స్ క్లబ్బు నుండీ తప్పుకున్నాడు.

ఆయన దుర్మార్గుడైన యజమాని కాడు. ఈ మాట ఆయన ప్రత్యర్థులే ఒప్పుకున్నారు. నటులకు మంచి జీతాలిచ్చేవాడు. వృద్ధులైన వాడెవిల్ కళాకారులకు చాటుగా డబ్బు పంపేవాడు. కష్టమని వచ్చినవారిని వట్టి చేతులతో పంపలేదు. మరి వ్రాతపూర్వకమైన ఒప్పందం అడిగితే ఎందుకంత ఆగ్రహించాడు? మాకు తోచిన సమాధానం ఒక్కటే. ఆయన ఎరిగిన నాటక సమాజం ఒక కుటుంబం. అందులో తండ్రి ఉంటాడు, తల్లి ఉంటుంది, అందరి తరఫునా ఒక్కడు ముందుకు వచ్చి వందనం చెబుతాడు. కుటుంబంలో కాగితం అడగడమంటే నమ్మకం లేదని చెప్పడమే. తండ్రి దయ వేరు, పనివాడి హక్కు వేరు అన్న భేదం ఆయనకు తట్టలేదు. దయగల యజమాని దగ్గర పనిచేయని వేలాదిమంది నటుల గతి ఏమిటన్న ప్రశ్న ఆయన చెవికి సోకలేదు. ఆ ప్రశ్న వేసినవారిలో ఎథెల్ బారిమోర్ వంటి మహానటి, ఎడ్ విన్, ఎడ్డీ కాంటర్ వంటి హాస్యనటులు ఉన్నారు. నెల పొడుగునా రిహార్సళ్ళు చేసి పస్తులుండే బృంద నర్తకులకు నాయకత్వం వహించినది మేరీ డ్రెస్లర్.

రంగాలంకరణ కార్మికులు, వాద్యకారులు నటులకు తోడుగా పని మానివేయడంతో యజమానులకు దిక్కు తోచలేదు. సమ్మె 30 రోజులు సాగింది. ఎనిమిది నగరాలకు పాకింది. 37 నాటకాలు మూతపడ్డాయి. మరి 16 నాటకాలు ప్రారంభమే కాలేదు. నష్టం 30 లక్షల డాలర్లని లెక్క తేల్చారు. సెప్టెంబరు 6న యజమానులు సంఘాన్ని గుర్తించి ఒప్పందం చేసుకున్నారు. వారానికి ఎనిమిది ప్రదర్శనలే జీతానికి ప్రమాణమయ్యాయి. జీతం లేని రిహార్సళ్ళకు గడువు ఏర్పడింది. సంఘ సభ్యుల సంఖ్య సమ్మెకు ముందు మూడు వేల లోపు ఉన్నది, ముగిసేసరికి పద్నాలుగు వేలకు చేరువైంది. అందరూ కలిసి సంతకాలు చేసుకొని పనుల్లోకి వెళ్ళారు, ఒక్క కోహన్ తప్ప. ఆయన ఓటమిని అంగీకరించలేదు. 1920లో హారిస్‌తో భాగస్వామ్యం కూడా ముగిసింది.

నాటకరంగం వదిలివేస్తానన్న ప్రతిజ్ఞ మాత్రం నిలవలేదు. అది నిలిచేది కాదు కూడా. 1922లో 'లిటిల్ నెల్లీ కెల్లీ' 276 ప్రదర్శనలు ఆడింది. 1928లో 'బిల్లీ'తో ఆయన సంగీత నాటకాల రచన ముగిసింది. తల్లి నెల్లీ అదే ఏడు మరణించింది. అప్పటికి కాలం మారిపోయింది. జెరోమ్ కెర్న్, జార్జ్ గెర్ష్విన్ వంటి కొత్త తరం స్వరకర్తలు జాజ్ పోకడలతో ముందుకు వచ్చారు. 1927 నాటి 'షో బోట్' సంగీత నాటకానికి గంభీరమైన ఇతివృత్తాన్ని తెచ్చిపెట్టింది. కోహన్ వేసిన బాట మీదనే వారు నడిచారు. కాని ఆ బాటలో ఆయనే వెనుకబడ్డాడు. 1932లో హాలీవుడ్ వెళ్ళి 'ది ఫాంటమ్ ప్రెసిడెంట్' చిత్రంలో నటించాడు. అందులోని పాటలు ఆయన రాసినవి కావు, రాజర్స్, హార్ట్ అనే యువకులవి. జెండా ఊపి నృత్యం చేయడమెలాగో ఆయనకే నేర్పబోయారట ఆ స్టూడియోవారు. ఆ అనుభవం ఆయనకు రుచించలేదు.

నటుడుగా మాత్రం ఆయన ప్రతిభ వన్నె తగ్గలేదు. 1933లో ఓనీల్ రాసిన ఏకైక ప్రసిద్ధ హాస్య నాటకం 'ఆహ్, విల్డర్‌నెస్'లో తండ్రి పాత్ర ధరించాడు. ఎగిరి గంతులేసిన పూర్వపు కోహన్ కాడు ఇతను. నెమ్మదిగా, మాటల మధ్య మౌనంతో నటించి, ఒకప్పుడు పెదవి విరిచిన విమర్శకుల చేతనే మెప్పించుకున్నాడు. ఈక్విటీ సభ్యుడు కానివాడు బ్రాడ్‌వేలో నటించడం అప్పటికి దుర్లభం. సభ్యత్వం పుచ్చుకోవడానికి కోహన్ ససేమిరా అన్నాడు. సంఘమే ఒక మెట్టు దిగి ఆయనకు మినహాయింపు ఇచ్చింది. ఎవరి మీద ఆయన కత్తి దూశాడో వారి ఔదార్యం వల్లనే ఆయన ముసలితనంలో రంగస్థలం మీద నిలబడగలిగాడన్నమాట.

1937లో 'ఐడ్ రాదర్ బి రైట్' అన్న సంగీత ప్రహసనంలో అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పాత్రను కోహన్ పోషించాడు. పదవిలో ఉన్న దేశాధ్యక్షుణ్ణి రంగం మీద ఆడించి పాడించడం సాహసమే. దాన్ని నిర్మించినవాడు పాత మిత్రుడు శామ్ హారిస్. రూజ్వెల్ట్ రాజకీయాలు కోహన్‌కు గిట్టవు. అయినా ఆ రూజ్వెల్ట్ చేతుల మీదుగానే 1940లో ఆయన కాంగ్రెసు ప్రదానం చేసిన బంగారు పతకాన్ని అందుకున్నాడు. జెండా పాటకూ, 'ఓవర్ దేర్'కూ గుర్తింపుగా 1936లోనే కాంగ్రెసు దానిని మంజూరు చేసింది. అందుకోవడానికి ఆయన నాలుగేళ్ళు తాత్సారం చేశాడు.

అదే 1940లో ఆయన రాసి నటించిన చివరి నాటకం కొద్ది రోజులకే ఆగిపోయింది. మరుసటి ఏడు హారిస్ మరణించాడు. కోహన్‌కు కడుపులో పుట్టకురుపు వ్యాధి బయటపడి శస్త్రచికిత్స జరిగింది. ఆ సమయంలోనే హాలీవుడ్‌లో ఆయన జీవితకథ 'యాంకీ డూడుల్ డాండీ' పేర చలనచిత్రంగా తయారవుతున్నది. 1942 వేసవిలో విడుదలైన ఆ చిత్రంలో కోహన్ పాత్ర ధరించి ఆస్కార్ బహుమతి పొందినవాడు జేమ్స్ కాగ్నీ. ఈయనా ఐరిష్ సంతతివాడే. చిత్రంలో మొదటి భార్య లేదు, విడాకులు లేవు, 1919 సమ్మె ఊసే లేదు. కాగ్నీ చలనచిత్ర నటుల కార్మిక సంఘంలో తొలినాటి నుండీ పనిచేసినవాడు. ఆ ఏడాదే ఆ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

వ్యాధి ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం కోహన్ నర్సును ఒప్పించి టాక్సీలో బ్రాడ్‌వే అంతా తిరిగి చూశాడని చెబుతారు. తాను ఆడిన నాటకశాలల ముందు నుండి కారును నెమ్మదిగా పోనిమ్మన్నాడట. ఆయన పేరుతో వెలసిన నాటకశాలను అప్పటికే నాలుగేళ్ళ క్రితం పడగొట్టివేశారు. దారిలో తన జీవితకథ ఆడుతున్న సినిమాహాలులోకి వెళ్ళి, వెనుక నిలబడి కొద్ది నిమిషాలు చూసి, ఇంటికి తిరిగి వచ్చాడట. 1942 నవంబరు 5న, 64 ఏళ్ళ వయస్సులో, ఆయన మరణించాడు. అమెరికా అప్పుడు మరొక ప్రపంచయుద్ధంలో ఉన్నది. సెయింట్ పాట్రిక్ కాథలిక్ ప్రధాన దేవాలయంలో ప్రార్థనలు జరిగాయి. వుడ్‌లాన్ శ్మశానవాటికలో తల్లి, తండ్రి, అక్కల చెంతకే ఆయన్ను చేర్చారు.

1959లో టైమ్స్ స్క్వేర్ దగ్గర, బ్రాడ్‌వేను ఆనుకొని, చేతికర్ర పట్టుకొని నిలబడిన కోహన్ కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. అందుకు ముందుండి కృషి చేసినవాడు తర్వాతి తరపు సంగీత నాటక రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్. పీఠం మీద చెక్కినది జానీ జోన్స్ సౌతాంప్టన్ రేవులో పాడిన పాట పేరు.